ఎడారి లోయలో రెండు వారాల రాఫ్టింగ్: ఫ్రెండ్స్‌తో ఎలా వెళ్లాలి?

రాఫ్టింగ్ అంటే గాలి నింపిన పడవలో (రాఫ్ట్) నది వెంట ప్రయాణం. ఆ మాట అనగానే అందరి టెన్షన్ రాపిడ్స్ గురించే, అంటే నది రాళ్ల మీదుగా ఉరుకుతూ ఎగిసిపడే చోట్ల గురించే. కానీ రాపిడ్‌లో ఉండేది నిమిషమో రెండు నిమిషాలో, మిగతా రోజంతా వంట, సామాను, ఇసుక, పొద్దస్తమానం అవే మొహాలు. అసలు ప్లాన్ కావాల్సింది వాటికి. అమెరికాలో కొలరాడో నది పారే గ్రాండ్ కాన్యన్ లోయనే తీసుకుందాం.

గైడ్ కంపెనీ లేకుండా వెళ్లాలంటే నేషనల్ పార్క్ సర్వీస్ (అక్కడి జాతీయ పార్కుల్ని చూసే ప్రభుత్వ సంస్థ) లాటరీలో పర్మిట్ రావాలి. ప్రధాన లాటరీ ఫిబ్రవరిలో, అదీ మరుసటి ఏడాదికి. గుంపులో 16 మందికి మించకూడదు, రాఫ్ట్ నడిపిన అనుభవం ఉన్నవాళ్లు తప్పనిసరి (ఉత్సాహం లెక్కలోకి రాదు). రాఫ్ట్ నీళ్లలో దించే లీస్ ఫెర్రీ నుంచి బయటికి తీసే డైమండ్ క్రీక్ దాకా 226 మైళ్లు, దాదాపు 364 కిలోమీటర్లు.

పర్మిట్ రాగానే పనులు పంచేసుకోండి. రోజుకో జంట వంట, ఇంకో జంట గిన్నెలు. అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకుంటే రోజూ ఆ ఇద్దరే తోముతారు, ఐదో రోజుకి మాటలు తగ్గిపోతాయి. తిండి రోజువారీగా విడదీసి డబ్బాల మీద తేదీలు రాయండి, లేకపోతే ఒక్క ఉల్లిపాయ కోసం ఐస్‌బాక్సులన్నీ తెరిచి ఐస్ అంతా కరగబెట్టుకుంటారు. రాఫ్ట్ బోల్తా పడుతుందనే అనుకుని ప్రతి వస్తువూ కట్టేయండి.

ఇక మొహమాటం లేకుండా టాయిలెట్ సంగతి. మలం మొత్తం మూతపెట్టిన డబ్బాలో మీతోపాటు బయటికి మోసుకురావాలి. మూత్రం మాత్రం నదిలోనే పోయాలి. వినడానికి వింతే, కానీ వానలు అరుదుగా పడే చోట ఒడ్డున పోస్తే కడిగేసేది ఏదీ ఉండదు, తర్వాత దిగేవాళ్లు ఆ కంపులో పడుకోవాలి.

క్యాంపు ఎండిన వాగు నోటి దగ్గర వేయకండి, ఎక్కడో దూరంగా వాన పడినా అక్కడికి వరద వచ్చేస్తుంది. పైన గ్లెన్ కాన్యన్ డ్యామ్ నుంచి వదిలే నీళ్లు రోజులోనే పెరిగి తగ్గుతుంటాయి, రాత్రి నీళ్లలో కట్టిన రాఫ్ట్ తెల్లారేసరికి ఇసుక మీద కూర్చుని ఉండొచ్చు. కాబట్టి పడుకునే ముందు ఎవరో ఒకరు తాళ్లు చూడాలి.

నది బురదగా ఉంటే బకెట్లో కాస్త పటిక తిప్పి రాత్రంతా వదిలేయండి, తెల్లారాక పైన తేరిన నీళ్లు ఫిల్టర్ చేసుకోండి. అలాగని ఎండలో వట్టి నీళ్లే తాగుతూ కూర్చోకండి, ఒంట్లో ఉప్పు తగ్గి కళ్లు తిరుగుతాయి, మధ్యమధ్యలో ఉప్పగా ఏదైనా తినాలి.

లావా ఫాల్స్ లాంటి పెద్ద రాపిడ్ ముందు ఆగి, ఒడ్డెక్కి, దారి చూసుకున్నాకే దిగండి. అలకి రాఫ్ట్ ముక్కు ఎదురుగా ఉండాలి, పక్క తగిలిందా బోల్తానే. లైఫ్ జాకెట్ నది మీద ఉన్నంతసేపూ విప్పొద్దు. నీళ్లలో పడితే వెల్లకిలా తేలుతూ కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు పెట్టండి, నిలబడాలని మాత్రం చూడకండి, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది. డ్యామ్ వెనక జలాశయం లోతు నుంచి వచ్చే నీళ్లు కాబట్టి బయట 40 డిగ్రీల ఎండ ఉన్నా లోపల వణుకు పుడుతుంది, పడ్డవాళ్లని త్వరగా పైకి లాగండి.

రోజూ తడీ ఇసుకా కలిసి మడమలు పగులుతాయి. రాత్రి పాదాలు కడిగి, తుడిచి, క్రీము రాసి పొడి సాక్సులు వేసుకోండి. పొద్దున్నే బూట్లు దులిపాకే తొడుక్కోండి, తేళ్లుంటాయి.