దారి చూపెటోళ్ళు – 3వ పాఠం: నష్టం ఖానా

మనకు దారి చూపెటోళ్ళు ఎవరో తెలుసుకునేటందుకు పోయిన పాఠంల నాలుగు పేర్లు రాసుకోమని చెప్పిన గదా. మీరు కండ్లారా చూసినోళ్ళు ఇద్దరు, చరిత్రల నుంచి ఒకరు, ఇంకొకరు మీకు అస్సలు పడనోళ్ళు. రాయకుంటే ఇక్కడ్నే ఆగి రాయండ్రి, ఐదు నిమిషాల పని, ఊకె చదువుకుంట పోతే ఈ పాఠం ఎందుకూ పనికిరాదు.

రాసినోళ్ళు చాలామంది పేరు పక్కన నిజాయితీ, క్రమశిక్షణ, కష్టపడే గుణం అని కూడా రాసి ఉంటరు. అవి కొట్టేయండ్రి. ఆ మాటలు సన్మానం శాలువా లెక్క, ఎవరికి కప్పినా సరిపోతయి. రిటైర్మెంట్ ఫంక్షన్ల ఎవరి గురించి చెప్పినా అవే చెప్తరు, లంచం తిన్నోడి గురించి కూడా.

వాటి జాగల మూడు ఖానాలు గీయండ్రి. మొదటి దాంట్ల ఆ మనిషి చేసిన ఒక్క పని, అది కూడా ఒక్క రోజుది. రెండో దాంట్ల ఆ పని చేస్తే ఆయనకేం పోయింది. మూడో ఖానా ఖాళీగ ఉంచండ్రి, చివర్ల చెప్త.

అన్నిట్ల ముఖ్యమైంది రెండోది, నేను నష్టం ఖానా అంట. ఏం పోకుండ చేసిన మంచి పని మంచిదే, కాదనను, కానీ దాన్ని చూసి ఆ మనిషి దేన్ని పట్టుకొని నిలబడ్డడో చెప్పలేం. పైసలో పరువో దోస్తులో పోతయని తెలిసి కూడా చేసిండంటే అప్పుడు తెలుస్తది.

చరిత్ర మనిషితోటి ఒకటి చేసి చూపిస్త. మన నల్లగొండ జిల్లాల ఉండె పోచంపల్లి, ఇప్పుడు యాదాద్రి భువనగిరి కిందికి పోయింది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి వస్తే 40 దళిత కుటుంబాలు మాకు 80 ఎకరాలు కావాలె, దున్నుకొని బతుకుతం అని అడిగినయి. ఆయన ఊరోళ్ళ దిక్కు తిరిగి మీలో ఎవరన్న ఇస్తరా అని అడిగిండు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తనన్నడు. భూములున్నోళ్ళు లేనోళ్ళకు ఇచ్చే భూదాన ఉద్యమం అక్కడ్నే మొదలైంది. నష్టం ఖానాల ఏం రాస్తం? 100 ఎకరాలు. ఇగ కొందరంటరు, ఆ రోజుల్ల నల్లగొండ పల్లెల్ల భూస్వాముల మీద సాయుధ పోరాటం ఇంక నడుస్తనే ఉండె, భయానికి ఇచ్చిండ్లే అని. నాకు ఆ పంచాయితీ తెగదు, భయం ఉంటే ఉండొచ్చు, దయ కూడా ఉండొచ్చు. మీ నోట్‌బుక్‌ల రెండూ రాయండ్రి. ఒకటే కారణంతోటి పని చేసే మనిషిని నేనైతే ఇంతవరకు చూడలే.

నష్టం అంటే పైసలు, భూములే కానక్కర్లేదు. సురవరం ప్రతాపరెడ్డిది గద్వాల దిక్కు ఇటికాలపాడు, 1926ల గోలకొండ పత్రిక పెట్టిండు. తెలంగాణల కవులే లేరని ఒకాయన రాస్తే మనమైతే పొద్దుందాక తిట్టుకుంట కూసుంటం. ప్రతాపరెడ్డి 354 మంది కవుల పద్యాలు కూడేసి 1934ల గోలకొండ కవుల సంచిక తీసిండు. ఇక్కడ పోయింది టైము, ఓపిక. ఇంకోటి, కోపం వచ్చినప్పుడు నాలుగు మాటలు అనేస్తే దొరికే ఆ సుఖం. దాన్ని కూడా నష్టం కిందనే రాస్త నేను.

ఇగ నేను కండ్లారా చూసిన మనిషి. మా నాయిన.

నాయిన గుంపు మేస్త్రి. మాది మక్తల్ దిక్కు ఊరు, పాలమూరు లేబర్ అంటరు చూడు, ఆ బతుకే మాది. గుంపు మేస్త్రి అంటే తెల్వనోళ్ళకు చెప్తున్న, ఊర్ల ఇరవై ముప్పై మందికి ముందుగాల అడ్వాన్స్ ఇచ్చి కాలువ పనికో డ్యామ్ పనికో దేశం మీదికి తోల్కపోయేటోడు. పైన కాంట్రాక్టర్ ఇస్తే ఈయన కింద పంచాలె. ఒక ఏడు మహారాష్ట్రల పని అయిపోయినంక ఆ కాంట్రాక్టర్ ఆఖరి లెక్క ఎగ్గొట్టిండు. గుంపుల 22 మంది. ఎగ్గొట్టింది ఆయన, నేనేం చేయాలె అని నాయిన అనొచ్చు, చుట్టుపక్కల మేస్త్రీలు చాలామంది అట్లనే అన్నరు కూడా. నాయిన మాత్రం దేవరకద్ర సంతకు పోయి ఎడ్ల జత అమ్మి వచ్చిండు. రాత్రి వాకిట్ల కందిలి పెట్టి, ఎర్ర అట్ట బుక్కు తీసి, ఒక్కొక్కరిని పిలిచి లెక్క కట్టి ఇస్తుంటే వాళ్ళు వేలిముద్ర పెడుతుండిరి. నేను ఎనిమిదో తరగతి. ఆ ఇంకు ప్యాడ్ ఎండిపోతే నాయిన దాని మీద రెండు చుక్కలు నీళ్ళు పోసిండు, అది ఇప్పటికీ కండ్ల ముందర కనిపిస్తది. నాకైతే అప్పుడు గౌరవం గిట్ల ఏం కాలే, మస్తు కోపమొచ్చింది.

ఖానాల ఏం రాసిన్నంటే, పని: వేరేటోడు ఎగ్గొట్టిన కూలి తాను ఇచ్చిండు. నష్టం: ఎడ్ల జత.

ఇప్పుడు దీన్ని మన మీదికి తిప్పాలె, ఇది జెర కష్టం. ఫోన్ తీసి పోయిన మూడు నెలల ఫోన్‌పే హిస్టరీ చూడండ్రి. మీరు నోట్‌బుక్‌ల మెచ్చుకున్న పనికి మీ పైసలు, మీ టైము ఏమన్న పోయినయా? నేను మహబూబ్‌నగర్‌ల సెంట్రింగ్ పనులు పట్టి చేయిస్త, నా దగ్గర 14 మంది చేస్తరు. నేను చూసుకుంటే ఏం బయటపడ్డదంటే, దసరా ముందు వాళ్ళ కూలి తొమ్మిది రోజులు ఆపిన, పైసలు అందలే అని చెప్పిన, అదే వారంల నా కొత్త బండికి డౌన్ పేమెంట్ పోయింది. మా నాయిన కథ పది మందికి గొప్పగా చెప్పుకుంట తిరిగేటోడిని నేనే. సిగ్గయింది, అయినా రాసిన. మీకు కూడా ఇట్లాంటిది ఒకటి దొరుకుతది, దొరకలేదంటే సరిగ్గ చూడలేదన్నట్టు.

పడనోళ్ళ పేరు మీద ఎక్కువ టైము పెట్టకండ్రి. వాళ్ళు ఏం చేస్తే మీకు మండుతదో ఒక్క లైను రాయండ్రి చాలు, దాన్ని తిరగేస్తే మీరు దేన్ని పట్టుకొని ఉన్నరో తెలుస్తది. మా బావమరిది ఏ మాటకూ సూటిగ జవాబు చెప్పడు, అందుకే నాకు పడడు.

ఇప్పుడు మూడో ఖానా. దాంట్ల రాయాల్సింది, ఆ నష్టం ఇంకా ఎవరి మీద పడ్డది, వాళ్ళను ఎవరన్న అడిగిన్రా అని.

ఇది నాకు మొదట్ల తట్టలే. నాయిన వరుస నింపుతుంటే ఎడ్లు అమ్మినంక అమ్మ మూడు రోజులు మాట్లాడలేదని యాదికొచ్చింది. ఇన్నేండ్లు నేనేమనుకున్న, ఎడ్లు పోయినయని అమ్మకు కోపమని. పోయిన ఆదివారం ఊరికి పోయినప్పుడు అడిగిన. చిక్కుడుకాయ తుంచుకుంట చెప్పింది, "కూలోళ్ళకు ఇయ్యొద్దని నేనెందుకంటరా, వాళ్ళ పిల్లలు మన పిల్లలు కాదా. నన్ను ఎవలడిగిన్రు? అడిగితే నా కాళ్ళ కడియాలు అమ్మమందును. ఎడ్లుంటే వానకాలం దున్నుకుంటుంటిమి గదా."

నా నోట్‌బుక్‌ల ఇప్పుడు ఐదు పేర్లున్నయి.

వచ్చే పాఠం దాక మీ పని: మూడో ఖానాల పేరు వచ్చినోళ్ళల్ల బతికున్నోళ్ళు ఒక్కరినన్న పోయి అడగండ్రి. ఫోన్‌ల వద్దు, ఎదురుంగ కూసోని.