కంప్యూటర్ గడియారం తప్పుతోందా? ముందు తేడా ఎంతో చూడండి

కంప్యూటర్ గడియారం తప్పు చూపిస్తున్నప్పుడు వెంటనే చేత్తో సరిచేయకుండా, తేడా ఎంత ఉందో, ఏ తీరులో ఉందో ముందుగా గమనించాలి. కారణం చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

ప్లగ్గు తీసి పెట్టిన ప్రతిసారీ ఏళ్ల కిందటి తేదీ కనిపిస్తుంటే, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది సీమాస్ బ్యాటరీ అయిపోయిందని అనుకోవచ్చు. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ. తేదీ అంత వెనకబడితే బ్రౌజర్ వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లను నమ్మదు కాబట్టి, నెట్ పనిచేయడం లేదన్న ఫిర్యాదుకు ఒక్కోసారి ఈ బిళ్లే మూలం.

తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలుంటే ముందు టైమ్‌జోన్ చూడాలి. అది సరిగానే ఉండి, ఒకే యంత్రంలో విండోస్, లినక్స్ రెండూ ఉంటే, మదర్‌బోర్డు గడియారాన్ని మొదటిది స్థానిక సమయంగా, రెండోది యూటీసీగా (మన సమయానికి 5 గంటల 30 నిమిషాలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) చదువుతున్నాయన్నమాట. లినక్స్‌నే స్థానిక సమయానికి మార్చడం తేలికే గానీ, విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో ‘రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్’ విలువను 1 చేసి రెండింటినీ యూటీసీ మీద నడపడమే మేలని నా అభిప్రాయం.

ఇక సెకన్ల తేడా లోపం కాదు, క్వార్ట్జ్ స్ఫటికం స్వభావం. పది లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా రోజుకు సుమారు 1.7 సెకన్లు తప్పుతుంది. దీనికి మందు ఎన్‌టీపీ, అంటే నెట్ ద్వారా టైమ్ సర్వర్‌తో గడియారాన్ని సరిచూసుకునే పద్ధతి. విండోస్‌లో డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేసి, ‘సింక్ నౌ’ నొక్కితే చాలు.

లినక్స్ సర్వర్‌కైతే ఎన్‌టీపీతో సమయం కలిపే క్రోనీ అనే ప్రోగ్రామ్ మంచిది. అది మామూలుగా సమయాన్ని ఒక్కసారిగా వెనక్కి లాగకుండా, గడియారం వేగాన్ని కొద్దికొద్దిగా సవరిస్తుంది కాబట్టి లాగ్‌లలో వరుస చెదరదు. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఒక్క టైమ్ సర్వర్‌నే రాస్తే అది తప్పు చెప్పినా పట్టుకోలేం కనుక, కనీసం నాలుగు రాయండి. మన దేశంలోని సంస్థలు ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) లేదా భారత ప్రామాణిక సమయాన్ని నిర్వహించే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్లతో, లేదా వాటితో అనుసంధానమైన సర్వర్లతో సమయం కలపాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది.

తరవాత ‘క్రోనీసీ సోర్సెస్’ ఆదేశం ఇచ్చి చూడండి. నక్షత్రం గుర్తున్నది ప్రస్తుతం అనుసరిస్తున్న సర్వర్. ‘రీచ్’ వరుసలో 377 ఉంటే గత ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చినట్టు. అక్కడ 0 దగ్గరే ఆగిపోతే, ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు మూసి ఉందేమో చూసుకోవాలి.