వానలు ముదరకముందే పాత పికప్ సెల్ఫ్, కీ వైరింగ్ చూసి పెట్టుకోండి

పాత బొలెరో పికప్ గానీ టాటా 207 గానీ నడుపుకునే వాళ్లం ఎండాకాలంలో సెల్ఫ్ ఒకసారి మొరాయించినా పెద్దగా పట్టించుకోం, ఇంకోసారి కీ తిప్పితే తిరుగుతుంది కదా అని వదిలేస్తాం. అదే వానలు మొదలయ్యాక, అర్ధరాత్రి తోట దగ్గర టమాటా బాక్సులు ఎక్కించుకుని తెల్లారేసరికి మదనపల్లె మార్కెట్‌కి చేరాల్సినప్పుడు బురదలో బండి టక్‌మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటే తోయడానికి కూడా మనుషులు దొరకరు. అప్పుడు ఎవరో ఒకరు సెల్ఫ్ పోయింది అంటారు, ఇంకొకరు బ్యాటరీ పోయింది అంటారు, రెండూ మార్చేసినా కొన్ని బండ్లు మళ్లీ అలాగే చేస్తాయి. ఎందుకంటే పోయింది సెల్ఫూ కాదు బ్యాటరీ కాదు, మధ్యలో ఉన్న వైరో ఎర్తో (బ్యాటరీ మైనస్‌ని బాడీకీ ఇంజన్‌కీ కలిపే వైరు). కాబట్టి వస్తువు మార్చే ముందు వోల్టేజి ఎక్కడ పోతుందో కొలవండి, దానికి మామూలు చిన్న మల్టీమీటర్ చాలు.

ఇది 12 వోల్టుల పాత డీజిల్ పికప్‌ల గురించే. వీటిలో స్పార్క్ ప్లగ్గులు, కాయిల్ ఉండవు, కాబట్టి చూడాల్సింది బ్యాటరీ, ఎర్తు, సెల్ఫ్, దాని సోలినాయిడ్ (కీ తిప్పగానే టక్‌మని సెల్ఫ్‌కి పెద్ద కరెంటు కలిపే స్విచ్), కీ స్విచ్, రిలే (సన్న కరెంటుతో పెద్ద కరెంటు కలిపే చిన్న స్విచ్), ఫ్యూజులు, డీజిల్ పంపు మీద ఉండే స్టాప్ సోలినాయిడ్ (కీ ఆన్ చేస్తే డీజిల్ వదిలి, ఆఫ్ చేస్తే ఆపేది).

చేయి పెట్టే ముందు బండి సమంగా ఉన్న చోట ఆపి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టండి. పాత బండ్లలో క్లచ్ తొక్కకపోయినా సెల్ఫ్ తిరుగుతుంది, గేర్‌లో ఉంటే బండి ముందుకి దూకుతుంది. కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ బోల్టులు కలిపి, కీ లేకుండా డైరెక్ట్ చేసే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, దయచేసి ఆ పని మానండి, గేర్ పడి ఉందో లేదో చూడకుండా అలా చేస్తే కింద ఉన్న మనిషి మీదకే బండి ఎక్కుతుంది. ఉంగరం, కడియం, స్టీల్ చైన్ వాచీ తీసేయండి, ప్లస్‌కీ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే వేలు కాలిపోయేంత కరెంటు పోతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు తీయాలి, బిగించేటప్పుడు మైనస్ చివర పెట్టాలి. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, నీళ్లు ఎంతున్నాయో చూడటానికి లైటర్ వెలిగించడం అసలు వద్దు.

మొదట బ్యాటరీ. రాత్రంతా బండి ఆగి ఉన్నాక పొద్దున కీ పెట్టకముందే మీటర్ పెట్టి చూడండి. 12.6 దగ్గర ఉంటే ఫుల్, 12.2 అంటే సుమారు సగం, 12 కన్నా తక్కువైతే దిగిపోయినట్టే. కానీ ఊరికే ఉన్నప్పుడు బాగా చూపించి సెల్ఫ్ కొట్టగానే పడిపోయే బ్యాటరీలు ఉంటాయి, అందుకే ఎవరినైనా కీ తిప్పమని చెప్పి అప్పుడు కూడా మీటర్ చూడాలి, 9.6 కన్నా కిందకి పోతుంటే ముందు ఫుల్ ఛార్జ్ పెట్టి మళ్లీ చూడండి, అప్పుడూ పడితే బ్యాటరీ అయిపోవచ్చింది, లేదంటే సెల్ఫే లోపల పట్టేసి ఎక్కువ కరెంటు లాగుతుంది. టెర్మినల్స్ మీద తెల్లగానో పచ్చగానో పూత కడితే నీళ్లలో వంటసోడా కలిపి కడగండి, ఆ నీళ్లు సెల్ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచండి, ఆరాక గీకి శుభ్రం చేసి గట్టిగా బిగించాక పైన వ్యాజిలిన్ రాయండి. ఇంజన్ రన్నింగ్‌లో 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే డైనమో ఛార్జ్ ఇస్తున్నట్టు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమో టెస్ట్ చేసే మెకానిక్కులు ఇంకా ఉన్నారు, మీ బండికి అలా చేయనివ్వకండి, ఒక్కసారిగా వోల్టేజి ఎగిరి డైనమో డయోడ్‌లు, రెగ్యులేటర్ కాలిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి, ఎక్కువమంది వదిలేసేది ఇదే. ఇంజన్ స్టార్ట్ అయిపోకుండా స్టాప్ సోలినాయిడ్ వైరు తీసి పక్కన పెట్టండి, లాగే స్టాప్ కేబుల్ ఉన్న బండైతే అది లాగి పట్టుకోమనండి. మీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టి ఒక మొన బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, క్లాంప్ మీద కాదు, సీసం పోస్టు మీదే పెట్టండి, రెండో మొన సెల్ఫ్ మీద లావు వైరు వచ్చే 30 నంబరు బోల్టు మీద పెట్టి కీ తిప్పించండి. 0.5 వోల్టు దాటితే ఆ వైరులోనో లగ్గులోనో (వైరు కొసకి ఉండే రింగు) కరెంటు ఆగిపోతుంది. అలాగే మైనస్ పోస్టు నుంచి సెల్ఫ్ బాడీకి చూడండి, 0.3 దాటకూడదు. బోరు మోటర్ ఎంత మంచిదైనా పైపు పూడిపోతే నీళ్లు రానట్టే ఇది కూడా. ఇంజన్‌కీ ఛాసీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి తెగిపోయిన బండ్లు చాలా ఉంటాయి, అప్పుడు కరెంటు తిరిగి రావడానికి దారి లేక క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయి అవి వేడెక్కుతాయి. సెల్ఫ్ కొట్టాక కేబుల్ వేడిగా తగిలితే ముందు ఆ పట్టీ చూడండి.

చప్పుడు కూడా చాలా చెప్తుంది. టకటకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయింది లేదా టెర్మినల్ లూజు. హెడ్‌లైట్ వేసి కీ తిప్పినప్పుడు ఒక్క టక్ వచ్చి లైటు అలాగే వెలుగుతుంటే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులో కార్బన్ బ్రష్షులో అరిగిపోయాయి, లైటు బాగా మసకబారితే బ్యాటరీ, వైర్లు లేదా పట్టేసిన సెల్ఫ్. సుత్తి పిడితో మెల్లగా తడితే తిరిగిందంటే బ్రష్షులు అయిపోవచ్చాయని అర్థం, ఆ రోజుకి ఇల్లు చేరొచ్చు గానీ అలాగే నెట్టుకురావద్దు. గర్రుమని తిరిగి ఇంజన్ తిరగకపోతే బెండిక్స్ (సెల్ఫ్ పళ్లని ఇంజన్ ఫ్లైవీల్‌కి తగిలించే భాగం) గానీ ఫ్లైవీల్ రింగు పళ్లు గానీ పోయినట్టు. కీ వదిలేసినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటే ఆలోచించకుండా బ్యాటరీ మైనస్ పీకేయండి, కాంటాక్టులు అతుక్కుపోతే నిమిషాల్లో పొగ వస్తుంది.

అసలు టక్ కూడా రాకపోతే సోలినాయిడ్ మీద ఉన్న సన్న వైరు, అంటే 50 నంబరు దగ్గర చూడండి. కీ తిప్పినప్పుడు అక్కడ బ్యాటరీకి దగ్గరగా వోల్టేజి వచ్చి కూడా కదలకపోతే సోలినాయిడ్ లేదా ఎర్త్, రాకపోతే కీ స్విచ్, రిలే, ఫ్యూజు, కనెక్టర్ వరసగా వెనక్కి చూసుకుంటూ పోండి. కీ కాస్త కదిపితేనే పని చేస్తుందంటే, తిప్పే చోట వేడెక్కుతుందంటే స్విచ్ కాంటాక్టులు కాలిపోతున్నాయి. కీ గుత్తికి ఇంటి తాళాలన్నీ తగిలించుకోవడం కూడా దానికి మంచిది కాదు. ఫ్యూజు పోతే అదే ఆంపియర్‌ది వేయాలి, రాగి తీగ చుట్టి పెట్టడం అంటే బండికి నిప్పు పెట్టుకోవడమే.

సెల్ఫ్ బాగా తిరిగి కూడా స్టార్ట్ కాకపోతే సైలెన్సర్ వైపు చూడండి. పొగ అసలు లేదంటే డీజిల్ అందట్లేదు, కీ ఆన్ చేయగానే స్టాప్ సోలినాయిడ్ దగ్గర చిన్న టిక్ వస్తుందో లేదో వినండి, కరెంటు వచ్చి కూడా టిక్ రాకపోతే అది పోయినట్టు, టిక్ వస్తుంటే లైన్‌లో గాలి, ఫిల్టరు చూడాలి. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ పోతుంది గానీ మండట్లేదు, హీటర్ ప్లగ్గులు (చలిలో సిలిండర్ లోపల వేడి చేసేవి) ఉన్న బండైతే లంబసింగి లాంటి చోట చలికాలం పొద్దున అవి పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఎలాగైనా ఒకేసారి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో అర నిమిషమైనా ఆపండి.

వానల ముందు ఎక్స్‌ట్రా ఫిట్టింగులు చూడటం మర్చిపోవద్దు, ఎల్‌ఈడీ లైట్లు, ఎయిర్ హారన్, పాటల సెట్టు, అన్నీ మెలి తిప్పి టేపు చుట్టిన జాయింట్లే, తడిస్తే లోపల పచ్చగా మారి కరెంటు కారుతుంది. ఎలకలు కొరికిన చోట్లు కూడా చూడండి. రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే అన్నీ ఆఫ్ చేసి మైనస్ వైరు విప్పి ఆ వైరుకీ మైనస్ పోస్టుకీ మధ్యలో మీటర్‌ని 10 ఆంపియర్ల మీద పెట్టండి, పాత బండికి 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు, దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటి తీస్తూ ఎక్కడ తగ్గుతుందో చూడాలి. మీటర్ అలా ఉండగా కీ తిప్పారంటే మీటర్ కాలిపోతుంది. బురద పోవాలని వాటర్ సర్వీసింగ్‌లో సెల్ఫ్ మీదకి ప్రెషర్ గన్ పెట్టనివ్వకండి.

చివరగా వాగు నీళ్లు. దాటుతుండగా ఇంజన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, గాలి పైపు గుండా సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు మనుషులు బయటపడండి, ఆ తర్వాత బండిని లాగించి, బ్యాటరీ మైనస్ తీసి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో, ఇంజన్ ఆయిల్ పాలలా మారిందేమో చూసి, సెల్ఫ్ విప్పించి ఆరబెట్టించాకే కీ ముట్టుకోండి.