ఇంగ్లండ్ కాలువల్లో మీ పడవ మీరే నడుపుకోవాలంటే

వారంలో లండన్, పారిస్, స్విస్ అన్నీ చుట్టేసి రావాలనుకునేవాళ్లకు ఈ ట్రిప్ పడదు, ముందే చెప్పేస్తున్నా. నారోబోట్ అంటే రెండు మీటర్ల వెడల్పులో పొడుగ్గా ఉండే పడవ. వంటగది, బాత్రూమ్, పడకలు అన్నీ లోపలే. లైసెన్స్ అక్కర్లేదు, అద్దెకిచ్చేవాళ్లే మొదటిరోజు నేర్పిస్తారు. స్పీడ్ లిమిట్ గంటకు 4 మైళ్లు, కాబట్టి కేబీఆర్ పార్కులో పొద్దున్నే వాకింగ్ చేసే అంకుల్స్ గట్టు మీద నడిచినా మిమ్మల్ని దాటి వెళ్లిపోతారు.

రూట్ వేసుకునేటప్పుడు మైళ్లు ఒక్కటే చూడకండి, దారిలో లాకులెన్నో (గేట్ల మధ్య నీటిమట్టం పెంచి, తగ్గించి పడవని పైకి ఎక్కించే, కిందికి దించే చోట్లు) కూడా లెక్కపెట్టండి. మైలుకు 20 నిమిషాలు, లాకుకు 15 నిమిషాలు వేసుకుంటే సరిపోతుంది. అంటే 10 మైళ్లు, 8 లాకులు ఉన్నాయంటే ఐదు గంటల పైమాటే, మధ్యలో టీ కూడా లేకుండా. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ. బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్ లాకు దాటాక బాత్ ఊరు వచ్చేదాకా దాదాపు 10 మైళ్లు ఇంకో లాకే ఉండదు, పైగా ఏవన్‌క్లిఫ్, డండాస్ అనే రెండు చోట్ల రాతి వంతెన మీదుగా కాలువ నదిని దాటుతుంది, కింద నది, పైన మీ పడవ. హైదరాబాద్ నుంచి లండన్ హీత్రూకి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, అక్కణ్నుంచి ప్యాడింగ్టన్ స్టేషన్‌కి వెళ్లి బాత్ రైలెక్కడమే. డివైజెస్ దగ్గర కేన్ హిల్‌లో 29 లాకులు వరసగా ఉంటాయి, అది నడుచుకుంటూ వెళ్లి చూసి రండి, చాలు.

ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకు సంగతి అర్థమైపోతుంది, కాకపోతే ఇక్కడ గేట్లు తోసేది, విండ్‌లాస్ అనే హ్యాండిల్‌తో ప్యాడిల్స్ (నీళ్లు వెళ్లే దారికి ఉండే చిన్న తలుపులు) ఎత్తి నీళ్లు వదిలేది మీరే. జాగ్రత్త పడాల్సింది కిందికి దిగేటప్పుడు. పై గేటు దగ్గర నీళ్లలో సిల్ అనే గట్టు దాగి ఉంటుంది, నీళ్లు తగ్గుతుంటే పడవ వెనక భాగం దాని మీద చిక్కుకుని ముందు భాగం కిందికి పోయిందంటే పడవ మునిగినట్టే. లాకు అంచున గీసిన గుర్తు దాటి, సిల్‌కి దూరంగా పడవ మొత్తం ముందుకి ఉండేలా చూసుకోండి, తాళ్లు బిగించి కట్టొద్దు, ఏమాత్రం తేడా అనిపించినా వెంటనే ప్యాడిల్స్ దించేయండి. సిగ్గుపడి ఆలస్యం చేయొద్దు.

నడపడానికి వెనక టిల్లర్ అనే చుక్కాని కర్ర ఉంటుంది, ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుంది; పది నిమిషాల్లో చెయ్యి అలవాటు పడుతుంది. ఎదురుగా పడవొస్తే కుడివైపు ఉండాలి, ఇది మన రోడ్డుకి రివర్స్. గట్టుకి కట్టేసిన పడవల పక్కన బాగా నెమ్మదిగా వెళ్లండి, లేకపోతే లోపల టీ తాగేవాళ్లు బయటికొచ్చి మరీ అరుస్తారు.

తిండి సంగతి. ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లండి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, ఇండియా నుంచి పాల పదార్థాలు తేనివ్వరు. పడవలో గ్యాస్ పొయ్యి ఉంటుంది కాబట్టి చిన్న కుక్కర్ చాలు, కరెంటు రైస్ కుక్కర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా సీజన్, చలికాలంలో రిపేర్ల కోసం కాలువలు అక్కడక్కడా మూసేస్తారు. వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచీ అప్లై చేయొచ్చు. ఇంకో విషయం, పడవ పొడవు కాలువ వెడల్పు కన్నా ఎక్కువ, ఎక్కడపడితే అక్కడ తిప్పలేరు. తిప్పుకోవడానికి వెడల్పు చేసిన చోట్లు మ్యాప్‌లో గుర్తుపెట్టుకోండి, ఒకటి దాటేస్తే మళ్లీ తర్వాతిదాకా పోవాల్సిందే.