చేపల డేటాకు పద్ధతి ఎంచుకునే ముందు జాగ్రత్తలు

పులికాట్ నుంచో, పిచ్చాటూరు దగ్గర అరణియార్ జలాశయం నుంచో చేపల డేటా తెచ్చి తిరుపతిలో ప్రాజెక్టు రాసేవాళ్లు సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఇవి చూసుకోండి.

- ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. గ్రాఫ్ గీసి చూడండి.

- ఖాళీ గడి వేరు, సున్నా వేరు. వల వేసినా చేప పడకపోతే సున్నా. వేటకే వెళ్లకపోతే ఖాళీ. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం. సముద్రపు డేటాలో ఆ రోజులకు సున్నాలు నింపితే సగటు పాడైపోతుంది.

- చేపల సంఖ్యకు అలవాటుగా టీ-టెస్ట్ (రెండు సగటులను పోల్చే పరీక్ష) పెట్టేయకండి. లెక్కపెట్టిన సంఖ్యల కోసమే ఉన్న పాయిజాన్ మోడల్‌తో మొదలుపెట్టండి. వేరియన్స్ (విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సగటు కంటే బాగా ఎక్కువైతే, ఆ అదనపు చెదురును లెక్కలోకి తీసుకునే నెగటివ్ బైనామియల్ మోడల్ మేలు. చేపలు గుంపులుగా తిరుగుతాయి కాబట్టి చాలాసార్లు అదే అవసరమవుతుంది.

- ఒకే పడవ పది రోజుల పట్టుబడి పది స్వతంత్ర నమూనాలు కాదు. ఒకే పడవ కొలతలు ఒకదానికొకటి దగ్గరగా ఉండటాన్ని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ చూడండి. వైవాలో టెన్షన్ పెట్టే ప్రశ్న ఇదే.

- పడవల మధ్య పోలికకు మొత్తం కిలోలు కాదు, గంటకు ఎన్ని కిలోలో చూడాలి. వల కన్ను సైజు వేరైతే అదీ సరిపోదు.

- పొడవు-బరువు సంబంధానికి రెండింటికీ లాగ్ (లాగరిథమ్) తీసి రిగ్రెషన్ చేయండి, అంటే చుక్కలకు సరిపోయే గీత గీయండి. ఆ గీత వాలు సాధారణంగా 3 దగ్గర ఉంటుంది. 5 వస్తే ముందు నోట్‌బుక్‌లో కొలతలు సరిచూడండి.