విజయనగరం నిలిచిన లోకంలో దశబంధ మాన్యానికి దరఖాస్తు విధానం

1565 జనవరి 23న రక్కసి–తంగడి దగ్గర విజయనగర సేన ఓడిపోలేదనుకుందాం. 1336లో మొదలైన రాజ్యం తెగకుండా నేటిదాకా వచ్చిందనుకుందాం. హంపిలో కొలువు ఉంది, ఊళ్లో కరణం ముందు కంప్యూటర్ ఉంది. ఆ లోకంలో ఊరి చెరువును బాగుచేసి దశబంధ మాన్యం పొందాలంటే ఏం చేయాలో చెబుతాను. దరఖాస్తు నడిచే క్రమం నా ఊహ. మాన్యం, పదవులు, చెరువు గుణదోషాలు మాత్రం చరిత్రలో ఉన్నవే.

చెరువు తవ్వించినవారికి, గండి పూడ్చినవారికి, పాడైన తూమును నిలబెట్టినవారికి ఆ చెరువు కిందే కొంత భూమిని పన్ను లేకుండానో, తగ్గించిన పన్నుతోనో ఇవ్వడం దశబంధం. పేరులో పదోవంతు ఉన్నా వాటా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మన లోకంలో విజయనగరం పోయాక కూడా ఈ మాన్యం పోలేదు. ఆంగ్లేయుల పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీ ఇనాము (మాన్యం భూముల) లెక్కల్లోనూ దశబంధం కొనసాగింది. రాజ్యం కూలినా నిలిచిన ఏర్పాటు, రాజ్యం నిలిచిన చోట ఇంకా బలంగా ఉంటుందనే నా నమ్మకం.

ముందు వెళ్లాల్సింది కరణం దగ్గరికి. ఆయన కవిలెలో, అంటే ఊరి లెక్కల పుస్తకంలో, చెరువు పేరు, ఆయకట్టు, దాని మీద ఇప్పటికే ఉన్న మాన్యాలు రాసి ఉంటాయి. ఆ నకలు తీసుకోండి. పాత దశబంధం ఎవరికైనా నడుస్తుంటే మీ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. వారు మరమ్మతు మానేశారని ఊరు ఒప్పుకుంటేనే ముందుకు కదులుతుంది. తర్వాత ఊరి పెద్ద అయిన రెడ్డి, కరణం, తలారి, చెరువు నీటిని పొలాలకు వదిలే నీరుగట్టి సంతకాలు కావాలి. చాలామంది మొదటి రెండింటి కోసం తిరిగి నీరుగట్టిని మరిచిపోతారు. అది తప్పు. నీళ్లు చివరికి ఏ మడిదాకా వెళ్తాయో, ఏ మడికి వెళ్లవో తెలిసినది ఆయనకే. ఆ సంతకం లేని కాగితాన్ని నేనైతే పైకి పంపను.

అసలు దరఖాస్తు ఒక పాత శాసనం దగ్గర మొదలవుతుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర శక సంవత్సరం 1291, అంటే 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడు అని మరో పేరు, ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బళ్లు, రెండేళ్ల పని. శాసనంలో నాకు అన్నిటికంటే విలువైనది ఈ లెక్క కాదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు అందులో చెక్కారు. దరఖాస్తు ఫారం దాన్ని చూసే తయారుకావాలి.

అంగాల్లో ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మట్టినేల, మంచినీటి ఏరు, కట్టకు ఆనుకునే కొండ, లోతైన విశాలమైన గర్భం, పొడవాటి రాళ్లు దొరికే గని, పనితనం ఉన్న మనుషులు ఉన్నారు. మనుషులను, రాతినీ, నీటినీ ఒకే వరుసలో లెక్కించిన ఆ చూపు ఆరున్నర శతాబ్దాలు దాటినా పాతబడలేదు. మీ ఫారంలో పని చేయబోయే ఒడ్డెల, అంటే మట్టిపని, రాతిపని చేసేవారి, పేర్లు తప్పక రాయండి. డబ్బు పెట్టేవారి పేరు ఒక్కటే ఉంటే ఆ దరఖాస్తు సగమే.

ఆరు దోషాలు ఇవి: కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల హద్దు మీద ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై తడపాల్సిన భూమి ఎక్కువ కావడం, చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం. హద్దు దోషాన్ని ఇప్పుడు రాయల కింద సీమలు ఏలే ఇద్దరు నాయకుల సీమల మధ్య ఉన్న చెరువుగా చదువుకోవాలి. అలాంటప్పుడు ఇద్దరి అంగీకారపత్రాలూ జతచేయండి. నడుమ మిట్ట సంగతి ఎండాకాలంలోనే తేలుతుంది కాబట్టి కొలతలు వైశాఖంలో తీయించండి.

ఊట పరీక్షకు మాత్రం చెరువు నిండి ఉండాలి. కార్తీకంలో తెల్లవారుజామున కట్ట బయటివైపు, పాదం వెంట నడవండి. చుట్టూ నేల ఆరి ఉండి ఒక్కచోట గడ్డి పచ్చగా, కాలు మెత్తగా దిగబడితే అక్కడ ఆగండి. అక్కడ ఊరే నీటిని తెల్లటి గిన్నెలో పట్టి కాసేపు ఉంచండి. నీరు తేటగా ఉంటే కట్ట చెమరుస్తోందని అర్థం, కనిపెట్టుకుని ఉండాలి. అడుగున మట్టి పేరుకుంటే మాత్రం నీటితోపాటు కట్ట లోపలి మట్టి కూడా కొట్టుకొస్తోంది. అది బుంగ. ఆ రోజే ఊరికి చెప్పండి, దరఖాస్తు తర్వాత. ఎలుకల బొరియలు, కట్ట మీద ఎండిన చెట్ల వేళ్లు కూడా ఇలాగే దారి ఇస్తాయి. వాటి ఫొటోలు జతచేయండి.

మిగతాది కాగితం నడక. నాయకుడి ముద్ర పడ్డాక హంపిలో రాయసం, అంటే కొలువు లేఖకుడి, దగ్గరికి చేరుతుంది. అగ్రహారాలకు ఇచ్చినట్టు నిధి, నిక్షేపం, జలం, పాషాణం వంటి అష్టభోగాలు, అంటే భూమి మీద ఎనిమిది రకాల హక్కులు, అడగకండి. దశబంధం మరమ్మతు షరతుతో ఇచ్చేది. కట్ట తెగితే మాన్యమూ తెగుతుంది.

మంజూరు రాగిరేకుల మీద వస్తే వరాహముద్ర ఉన్న కడియం, నందినాగరి లిపి చూసుకోండి. చివర రాయల పేరు లేదని కంగారుపడవద్దు. పాత పద్ధతిలో ఆ చోట కన్నడ అక్షరాలతో శ్రీ విరూపాక్ష అని ఉంటుంది. పొలం నాలుగు ఎల్లలు మాత్రం కరణం నకలుతో మాటకు మాట సరిపోల్చండి, ఒక్క గుట్ట పేరు తేడా ఉన్నా అప్పుడే దిద్దించుకోండి. రేకులు ఇంట్లో దాచుకున్నా, అదే పాఠాన్ని రాతి మీద చెక్కించి తూము పక్కన నాటించండి. ఆయకట్టు రైతు ఎవరైనా నిలబడి చదివి, ఈ ఏడు మీరు పూడిక తీశారో లేదో అడగగలిగే చోట అది ఉండాలి.