పడవ ఇంజిన్ పాఠాలు – 6: ట్యాపెట్ కవర్ మార్చడం

పోయిన పాఠంలో ట్యాపెట్లు (వాల్వ్‌ల దగ్గరి సందులు) సెట్ చేసి ఆపాం. అది పూర్తి చేసినవాళ్ల ఇంజిన్ ఇప్పుడు నెత్తిన మూత లేకుండా, పైన పాత బనియన్ గుడ్డ కప్పుకుని ఉంటుంది. ఆ మూత సంగతే ఈసారి. మన మెకానిక్‌లు ట్యాపెట్ కవర్ అంటారు. మాన్యువల్‌లో వాల్వ్ కవర్ అనో రాకర్ కవర్ అనో కనిపిస్తే కంగారు పడకండి, అన్నీ ఒకటే.

బోరింగ్, లైనర్లు, పిస్టన్లు, రింగులు, హెడ్ (సిలిండర్ల పై దిమ్మ) ఫేసింగ్ అంటూ ధారాళంగా ఖర్చు పెట్టినవాళ్లు కూడా ఈ రేకు మూత దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముడుచుకుంటారు. పాతదాన్నే కిరోసిన్‌లో కడిగి, వెండి రంగు స్ప్రే కొట్టి బిగించేస్తారు. ఒకప్పుడు నేనూ అదే చేశాను, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక చిన్న లాంచీ ఇంజిన్‌కి. మూడో రోజే ఓనర్ ఫోన్ చేశాడు. "అన్నా, వెనక ఆయిల్ సీల్ పోయినట్టుంది. ఫ్లైవీల్ హౌసింగ్ కిందంతా ఆయిలే."

వెనక సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ విడదీయాలి, ఫ్లైవీల్ దించాలి. ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు. పొద్దున్నే వెళ్లి ఇంజిన్ మొత్తం సర్ఫు నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, అనుమానం ఉన్న చోటల్లా టాల్కం పౌడర్ చల్లి పావుగంట నడిపాం. పౌడర్ ముందుగా తడిసింది కింద కాదు, పైన. ట్యాపెట్ కవర్ వెనక మూల నుంచి సన్నటి ధార హెడ్ మీదుగా, బ్లాక్ వీపు మీదుగా దిగి ఫ్లైవీల్ హౌసింగ్ దగ్గర బొట్లు కడుతోంది. నా బోరింగ్ పనికి వచ్చిన చెడ్డపేరంతా ఒక పాత రేకుది.

వెనక మూలే ఎందుకు? లారీ మెకానిక్‌గా మొదలైన నాకు ఇది అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. పడవలో ప్రొపెల్లర్ షాఫ్టు ఏటవాలుగా కిందికి దిగుతుంది కాబట్టి ఇంజిన్‌నీ దానికి తగ్గట్టు వెనక్కి వాల్చి బిగిస్తారు. రాకర్ల (వాల్వ్‌లను నొక్కే మీటల) మీద చిమ్మిన ఆయిల్ వెనక్కే జారి అక్కడ మడుగు కడుతుంది. హెడ్‌లో ఆయిల్ కిందికి దిగే రంధ్రం జిడ్డుతో మూసుకుపోయిందా, ఆ మడుగు గ్యాస్కెట్ (కవర్‌కీ హెడ్‌కీ మధ్య వేసే మెత్తని పొర) అంచు దాకా లేస్తుంది. మనిషి చెయ్యి సరిగా దూరని మూల కూడా అదే. అందుకని కవర్ పెట్టేముందు ఆ రంధ్రంలోకి ఒక మెత్తని రాగి తీగ పంపి చూడండి. కొంచెం ఆయిల్ పోస్తే గడగడా దిగిపోవాలి.

ఇక పాత కవర్ పనికొస్తుందా లేదా చూద్దాం. "హుస్సేన్‌సాగర్ నీళ్లలో ఉప్పు లేదు కదా, తుప్పేం పడుతుంది" అని చాలామంది అడుగుతారు. ఉప్పు లేకపోయినా పడవ అడుగున నిలిచిన నీళ్లున్నాయి, ఇంజిన్ మీద మూసిన హ్యాచ్ (తలుపు) ఉంది, రాత్రి చల్లబడ్డాక రేకుకి పట్టే చెమ్మ ఉంది. లారీ ఇంజిన్‌కి గాలి తగులుతుంది, పడవ ఇంజిన్ డబ్బాలో ఉంటుంది. కవర్ అంచు మడత లోపల తుప్పు పొక్కులు కనిపించినా, స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే రేకు లోపలికి పోయినా ఇంకేం ఆలోచించకుండా పక్కన పడేయండి. వెల్డింగ్ జోలికి పోవద్దు. పల్చని రేకు వేడికి మెలి తిరుగుతుంది, అంచు ఇక సమానంగా రాదు.

తుప్పు లేకపోతే అంచు చూడాలి. కవర్‌ని మందపాటి గాజు పలక మీద బోర్లించి చుట్టూ సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూడండి. నా లెక్క ప్రకారం 0.30 మి.మీ. బ్లేడు ఎక్కడైనా సులువుగా దూరితే ఆ అంచు చెడినట్టే. ఎక్కువసార్లు బోల్టు రంధ్రాల చుట్టూ రేకు కిందికి గుంటపడి, రెండు బోల్టుల మధ్య భాగం పైకి లేచి ఉంటుంది. కారుతోంది కదా అని ఇంకొంచెం, ఇంకొంచెం బిగించినవాళ్ల చేతిపని అది. బిగించేకొద్దీ గుంట పెరుగుతుంది, మధ్యలో సందు పెరుగుతుంది, కారడమూ పెరుగుతుంది. కొద్దిపాటి గుంటైతే చెక్కదిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో నెమ్మదిగా తట్టి సమం చేయొచ్చు. బోల్టు తల కింద మామూలు వాషర్ కాకుండా పొడవాటి పట్టీ వాషర్ వేస్తే బలం ఒక్కచోటే పడదు.

కొత్తది కొనాలంటే ముందు ఇంజిన్ నంబరు, కవర్ ఫోటో, పాత గ్యాస్కెట్ తీసుకుని విడిభాగాలు దొరికే సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లండి. పోత అల్యూమినియం కవర్ దొరికితే నేనైతే దానికే ఓటేస్తాను. అంచు మందం, వంగదు. ఒక్కటే తిరకాసు, తడి ఉన్నచోట ఉక్కు బోల్టూ అల్యూమినియమూ కలిస్తే తెల్లటి బూజులాంటి తుప్పు పట్టి బోల్టు అతుక్కుపోతుంది. వాటి మధ్య కొంచెం యాంటీ సీజ్ గ్రీజు రాస్తే ఆ బాధ ఉండదు.

అంచు, రంధ్రాలు సరిపోయాయి కదా అని సంబరపడి వచ్చేయకండి. కవర్ తిరగేసి లోపలికి చూడండి. బ్రీదర్ పైపు (ఇంజిన్ లోపలి గ్యాస్ బయటికి పోయే దారి) మొదలయ్యే చోట అడ్డంగా ఒక చిన్న రేకు పలక ఉండాలి. రాకర్లు చిమ్మే ఆయిల్ నేరుగా బ్రీదర్‌లోకి పోకుండా ఆపేది అదే. ఒకే కంపెనీ ఇంజిన్‌లో వేరే మోడల్ కవర్ అతికినట్టు కూర్చుంటుంది కానీ బ్రీదర్ ఆ మూత మీద ఉండని మోడలైతే ఈ పలక ఉండదు. దానికి రంధ్రం కొట్టి పైపు తగిలించేవాళ్లను చూశాను. బ్రీదర్ పైపు ఇన్‌టేక్‌కి (ఇంజిన్‌లోకి గాలి పోయే దారికి) కలిపి ఉన్న డీజిల్ ఇంజిన్‌లో ఇది చెలగాటం. ఆ దారిన ఆయిల్ ఎక్కువగా సిలిండర్‌లోకి పోతే ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి పరిగెడుతుంది. డీజిల్ ఆపినా ఆగదు, గాలి మూస్తేనే ఆగుతుంది. చెరువు మధ్యలో, మనుషులు కూర్చున్న పడవలో ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

ఇంకో పరీక్ష. కవర్ వేరేదైనా, రాకర్లు మార్చినా అవి లోపల కవర్‌కి తగలొచ్చు. పిల్లలు బొమ్మలు చేసే రంగుమట్టి ముద్దలు రెండు మూడు రాకర్ల మీద పెట్టి, కవర్‌ని గ్యాస్కెట్‌తో సహా ఊరికే కూర్చోబెట్టి, డీజిల్ ఆపే స్టాప్ కేబుల్ లాగి ఉంచి, ముందు పుల్లీ బోల్టుకి పానా వేసి క్రాంకుని దాని మామూలు దిశలోనే రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఒక చుట్టు చాలదు, నాలుగు స్ట్రోకులకీ రెండు చుట్లు కావాలి. కవర్ తీసి మట్టి ఎంత పల్చబడిందో చూడండి. 2 మి.మీ. మిగిలితే నాకు తృప్తి. తర్వాత మట్టి ఒక్క నలుసు లేకుండా తీసేయండి.

ఇప్పుడు అమర్చడం. హెడ్ అంచు మీది పాత గ్యాస్కెట్‌ని ప్లాస్టిక్ స్క్రాపర్‌తో గీకండి. గీకే ముందు రాకర్ల చుట్టూ గుడ్డ కప్పడం మరవొద్దు. తీసేటప్పుడు ఆ గుడ్డలు లెక్కపెట్టుకోండి, ఎన్ని పెట్టారో అన్నీ బయటికి రావాలి. నవ్వకండి, రాకర్ల కింద బనియన్ ముక్క మరిచి మూత వేసిన ఘనుడు మా షెడ్లోనే ఉన్నాడు. తర్వాత రెండు అంచుల్నీ థిన్నర్ తడిపిన గుడ్డతో తుడవాలి. జిడ్డు మీద ఏదీ అంటుకోదు.

గ్యాస్కెట్ కార్క్‌ది అయినా రబ్బరుది అయినా జిగురు ఒకవైపే, కవర్ వైపు మాత్రమే. ఆయిల్‌కి తట్టుకునే సిలికాన్‌ని పల్చగా రాసి, గ్యాస్కెట్ అతికించి, గాజు పలక మీద బోర్లించి కాసేపు బరువు పెట్టండి. హెడ్ వైపు పొడిగా వదిలేయాలి. ఎందుకంటే ఈ మూత మళ్లీ తీయాల్సిందే. కొత్తగా కట్టిన ఇంజిన్ 25 నుంచి 50 గంటలు నడిచాక ట్యాపెట్లు మళ్లీ చూడమని, కొన్నింటికి హెడ్ బోల్టులు మళ్లీ బిగించమని మాన్యువల్స్ చెబుతాయి. రెండు వైపులా సిలికాన్ పూసినవాళ్లు ఆ రోజు ఉలి పెట్టి కవర్ పెకిలిస్తారు, అంచు వంచుతారు, మళ్లీ రాణిగంజ్ దారి పడతారు. పైగా ఎక్కువైన సిలికాన్ లోపలికి ఉబ్బి, తెగి, సంప్‌లో (అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) పడి ఆయిల్ పంపు జల్లెడని మూస్తుంది.

బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పండి. తర్వాత మధ్య నుంచి బయటికి, అటొకటి ఇటొకటి, రెండు మూడు విడతల్లో. మాన్యువల్‌లో అంకె ఉంటే అదే ఖాయం. లేకపోతే రేకు కవర్‌కి నేను 8 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగుతాను. హెడ్ బోల్టులు 100 దాటే ఇంజిన్‌లోనే ఈ మూతకి ఇంతే. పొడవాటి పానా పక్కన పెట్టేయండి. పిడి పొట్టిగా పట్టుకుని మణికట్టుతో తిప్పితే చాలు. గ్యాస్కెట్ అంచు చుట్టూ సమానంగా కాస్త ఉబ్బినట్టు కనిపిస్తే ఆపండి, బయటికి పిప్పిలా వస్తుంటే ఎక్కువైనట్టు.

చివరగా బ్రీదర్ పైపులో నోటితో ఊదండి, గాలి ధారాళంగా పోవాలి. కొత్త రింగులు ఇంకా సర్దుకోవు కాబట్టి మొదట్లో కొంత గ్యాస్ కిందికి దిగుతుంది. దానికి దారి లేకపోతే ఎంత మంచి గ్యాస్కెట్‌నైనా తోసుకుని బయటికొస్తుంది.

సిలికాన్ గట్టిపడటానికి 24 గంటలు వదలండి. వచ్చే పాఠం మొదటి స్టార్ట్. అప్పటిదాకా బ్యాటరీ వైరు కలపొద్దు.